ఫోర్‌హ్యాండ్ బలం కాళ్ళలో ఉంది

టెన్నిస్ బంతి తెలియని పల్లె మనకు కనబడదు. కోత అయిపోయిన మళ్ళలో, బడి ఆవరణలో, మందిరం వెనుక ఖాళీ స్థలంలో మన పిల్లలు క్రికెట్ ఆడేది చాలావరకు ఆ బంతితోనే. అయితే ఆ బంతి ఏ ఆట కోసం పుట్టిందో ఆ ఆట మాత్రం ఊళ్ళోకి రాలేదు. అది ఆఫీసర్ల ఆట, క్లబ్బుల ఆట అని మన పెద్దలు దూరంగానే ఉంచారు. ఈ మధ్య కొంత మార్పు వచ్చింది. హాస్టలు స్కూళ్ళలో, కాలేజీల్లో చదువుకుంటున్న మన సంఘాల పిల్లలు కొందరు మొదటిసారి రాకెట్ పట్టుకుంటున్నారు. పట్టుకున్న వారం రోజులకే వారికి ఒక నిరుత్సాహం కలుగుతుంది. మెల్లగా కొడితే బంతి నెట్‌లో పడుతుంది, గట్టిగా కొడితే కోర్టు దాటి కంచె దగ్గరకు పోతుంది. నడిమి మార్గం దొరకదు. ఆ నడిమి మార్గం గురించే ఈ వ్యాసం. పిల్లలు చదవాలి, వారికంటే ముందు తలిదండ్రులు చదవాలి. ఎందుకంటే ఈ దెబ్బ నేర్పడానికి అకాడమీ లేకపోయినా ఒక గోడ, ఒక ఓపికగల పెద్ద మనిషి ఉంటే చాలావరకు పని జరుగుతుంది.

ఫోర్‌హ్యాండ్ అంటే కుడిచేతివాటం వారికి కుడి పక్కన వచ్చిన బంతిని అరచేయి ముందుకు చూసేలా కొట్టే దెబ్బ. టెన్నిస్‌లో మొట్టమొదట నేర్చుకునేది ఇదే. తేలికగా వస్తుందని అందరూ అనుకుంటారు. నిజానికి మొదటిరోజు తేలిక, పదవ రోజు కష్టం.

కోర్టు కొలతలు చూస్తే కష్టం ఎక్కడుందో అర్థమవుతుంది. కోర్టు పొడవు 78 అడుగులు. మధ్యలో నెట్ ఎత్తు 3 అడుగులు, రెండు కొసల వద్ద మూడున్నర. వెనుక గీత దగ్గర నిలబడి కొట్టిన బంతి 39 అడుగుల దూరంలో ఉన్న నెట్ దాటాలి, తరువాత ఇంకో 39 అడుగులలోపే నేలను తాకాలి. వేగం పెంచినకొద్దీ ఆ బంతికి దిగే సమయం చాలదు. మరి గట్టిగా కొట్టినా బంతి లోపలే పడాలంటే ఏదో ఒకటి దాన్ని కిందికి లాగాలి. ఆ పని చేసేది బంతి తిరుగుడు. పైభాగం ముందుకు దొర్లుతున్నట్టుగా తిరిగే బంతిని గాలి కిందికి వంచుతుంది. దీనినే టాప్‌స్పిన్ అంటారు. స్పెయిన్ దేశపు రఫేల్ నాదల్ ఫోర్‌హ్యాండ్‌ను వేగంగా ఫిల్మ్ తీసి లెక్కించినప్పుడు అతని బంతి నిమిషానికి సగటున 3,200 సార్లు తిరుగుతున్నట్టు తేలింది. అంతకు ముందు తరంవారైన సాంప్రాస్, అగస్సీల బంతి 1,800 నుండి 1,900 సార్లు తిరిగేది. మన పిల్లలకు ఆ అంకెలతో పని లేదు. బంతి తిరగాలి అన్న సంగతి తెలిస్తే చాలు.

తిరగడం ఎలా? క్రిస్మస్‌కు ముందు మందిరం గోడలకు సున్నం వేస్తాం గదా. కుంచె గోడకు ఆనించి కింద నుండి పైకి లాగుతాం. కుంచె ముఖం గోడవైపే ఉంటుంది, చేయి మాత్రం పైకి పోతుంది. రాకెట్ కూడా అంతే. దాని ముఖం నెట్‌వైపు నిటారుగా ఉండాలి. దాని నడక కింద నుండి పైకి, ముందుకు ఉండాలి. చాలామంది పిల్లలు స్పిన్ కోసం మణికట్టు తిప్పి రాకెట్‌ను బంతిమీద మూత వేసినట్టు మూస్తారు. ఆ బంతి నేరుగా నెట్ అడుగుకే పోతుంది.

గొడ్డలి పట్టు వద్దు

రాకెట్ పిడికి ఎనిమిది పలకలుంటాయి. చేయి ఏ పలక మీద కూర్చుందన్న దానినిబట్టి దెబ్బ మారిపోతుంది. పల్లె పిల్లవాడి చేతికి రాకెట్ ఇస్తే గొడ్డలినో సుత్తినో పట్టినట్టు పడతాడు. అది అతని తప్పు కాదు, చేతికి అలవాటైన పట్టు అది. ఆ పట్టు సర్వీసుకు, నెట్ దగ్గర ఆటకు పనికివస్తుంది కాని ఫోర్‌హ్యాండ్‌కు పనికిరాదు. దానితో కొడితే రాకెట్ ముఖం ఆకాశం చూస్తుంది, బంతి ఎగిరిపోతుంది.

మార్గం సులభం. రాకెట్‌ను నేలమీద వెల్లకిలా పడుకోబెట్టండి. వంగి, పైనుండి అరచేయి వేసి దాన్ని ఎత్తండి. అరచేయి పిడికి కొంత అడుగు పక్కకు చేరుతుంది. నడుము ఎత్తులో వచ్చే బంతికి ఇది సరిపోయే పట్టు. మరీ చిన్నపిల్లలకు ఇంకా తేలిక మాట చెప్పవచ్చు: రాకెట్‌కు కరచాలనం చేసినట్టు పట్టుకోమనండి. ఆ పట్టూ మంచిదే. ప్రతి దెబ్బకు ముందు పట్టు చూసుకోవడం ఒక నెలపాటు అలవాటు చేస్తే తరువాత చేయి తనంతట తానే అక్కడికి పోతుంది.

ఇక్కడ ఒక మాట. షటిల్, బాల్ బ్యాడ్మింటన్ బాగా ఆడేవారికి టెన్నిస్ వెంటనే వచ్చేస్తుందని మన ప్రాంతంలో ఒక నమ్మకం ఉంది. చూపు, పరుగు విషయంలో అది నిజం. ఫోర్‌హ్యాండ్ విషయంలో మాత్రం తిరగబడుతుంది. ఆ ఆటల్లో మణికట్టు విసురుతో పని అయిపోతుంది. టెన్నిస్ బంతి బరువు 56 గ్రాములకు పైనే; షటిల్ బరువు 5 గ్రాముల చిల్లర. తేలిక రాకెట్‌తో చేసిన పని బరువు రాకెట్‌తో చేయబోతే ముందు మణికట్టు నొస్తుంది, తరువాత మోచేయి నొస్తుంది. క్రికెట్ పిల్లవాడికి వేరే జబ్బు. అతను బంతిని లాగి ఎడమ పక్కకు కొడతాడు. ఇద్దరికీ మందు ఒకటే. చేతిని మరచి శరీరం తిప్పడం నేర్చుకోవాలి.

విసురువల వేసేవాడిని చూడండి

చెరువులోనో కాలువలోనో విసురువల వేసే మనిషిని ఎప్పుడైనా గమనించారా? అతను చేత్తో వల విసరడు. ముందు కాళ్ళు నిలదొక్కుకుంటాడు. నడుము, భుజాలు వెనక్కి తిప్పుతాడు. తరువాత పాదం దగ్గర మొదలైన బలం మోకాలికి, నడుముకు, భుజానికి ఎక్కి చివరకు చేతికి వస్తుంది. అప్పుడు వల విచ్చుకుంటుంది. మంచి ఫోర్‌హ్యాండ్ అచ్చంగా ఇదే.

ఎదుటివాడు బంతి కొట్టే క్షణంలో రెండు కాళ్ళమీద చిన్న గంతు వేసి దిగాలి. దాంతో ఏ పక్కకైనా కదలడానికి కాళ్ళు సిద్ధమవుతాయి. బంతి కుడికి వస్తోందని తెలిసిన వెంటనే భుజాలు పక్కకు తిప్పాలి. బంతి నేలను తాకాక తిప్పితే ఆలస్యమైనట్టే. ఈ తిప్పడంలో ఎడమచేయి రాకెట్ మెడను పట్టుకొని ఉండాలి. అలా పట్టుకుంటే భుజాలు తిరగక తప్పదు. తరువాత ఎడమచేయి బంతివైపు చాపితే దూరం అంచనా దొరుకుతుంది. కుడికాలి మీద బరువు ఉంచి, ఎడమకాలు ముందుకు వేసి, బరువును ముందుకు తెస్తూ బంతిని తాకాలి. తాకే చోటు పొట్టకు పక్కన కాదు, శరీరానికి ముందు. ఎడమ మోకాలికి ఎదురుగా అని గుర్తు పెట్టుకోవచ్చు. కొట్టిన తరువాత రాకెట్ ఎడమ భుజం మీదుగా వెళ్ళి ఆగాలి.

బంతి తీగలమీద ఉండే కాలం సుమారు సెకనులో 200వ వంతు. కన్ను ఆర్పేంత సమయం కూడా కాదు. ఆ లోపల ఎవరూ ఏమీ సరిదిద్దలేరు. నెట్‌లో పడ్డా, దాటిపోయినా, ఆ ఫలితం అంతకు ముందే, భుజం తిరిగినప్పుడో తిరగనప్పుడో నిర్ణయమైపోయింది. పిల్లవాడు తప్పు కొట్టినప్పుడు "సరిగ్గా కొట్టరా" అని అరిచే తండ్రులకు ఈ సంగతి తెలియాలి. కొట్టడంలో తప్పు వెదకవద్దు. "అమ్మా, భుజం ఎప్పుడు తిప్పావు?" అని అడగండి. చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

కాళ్ళు లేకపోతే ఫోర్‌హ్యాండ్ ఏమవుతుందో 1989లో పారిస్‌లో లోకమంతా చూసింది. మైకేల్ చాంగ్ అప్పటికి 17 ఏళ్ళ కుర్రవాడు. ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, ఈ ఆటకు తక్కువే. ఫ్రెంచ్ ఓపెన్ నాలుగో రౌండులో, జూన్ 5న, ప్రపంచంలో మొదటి స్థానంలో ఉన్న ఇవాన్ లెండిల్‌తో ఆడాడు. మొదటి రెండు సెట్లు 4-6, 4-6తో ఓడిపోయాడు. తరువాతి రెండూ గెలిచాడు గాని అంతలో కాళ్ళు కొంకర్లు పోవడం మొదలైంది. విరామంలో కూర్చుంటే మళ్ళీ లేవలేనని నిలబడే నీళ్ళు త్రాగాడు, అరటిపండ్లు తిన్నాడు. కాలు నేలను తన్నలేనప్పుడు దెబ్బలో బలం ఎక్కడిది? అందుకని బంతిని ఆకాశమంత ఎత్తుగా లేపుతూ కాలం గడిపాడు. ఒకసారి సర్వీసు కూడా చంక కిందినుండి వేశాడు. లెండిల్ తికమకపడిపోయాడు. నాలుగున్నర గంటలకు పైగా సాగిన ఆ ఆటలో చాంగ్ ఐదో సెట్ 6-3తో గెలిచాడు. వారం తిరగకుండానే స్టెఫాన్ ఎడ్‌బర్గ్‌ను కూడా ఐదు సెట్లలో ఓడించి బిరుదు గెలుచుకున్నాడు. పురుషుల గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలిచినవారిలో అతనికంటే చిన్నవాడు నేటికీ లేడు.

చాంగ్ యేసుక్రీస్తును బహిరంగంగా ఒప్పుకున్న విశ్వాసి. ఐదో సెట్లో ఆట మానేద్దామనుకొని అంపైరు వైపు నడిచాననీ, మధ్యలో తన హృదయంలో గద్దింపు కలిగి ఆగాననీ తరువాత సాక్ష్యంలో చెప్పాడు. ఈ సాక్ష్యాన్ని మన కూటాలలో చెప్పేవారు ఇక్కడితో ఆపేస్తారు. అది సరికాదనిపిస్తుంది. ఆ తరువాత చాంగ్ ఇంకా మూడు గ్రాండ్‌స్లామ్ ఫైనల్స్ ఆడాడు. 1995లో పారిస్‌లో, 1996లో మెల్‌బోర్న్‌లో, అదే ఏడు న్యూయార్క్‌లో. మూడింటిలోనూ ఓడిపోయాడు. విశ్వాసం అదే, ప్రార్థన అదే, ఫోర్‌హ్యాండూ అదే. ప్రార్థన చేసి ఆడితే గెలుస్తావని పిల్లలకు చెప్పకండి. ఓడిన రోజు ఆ మాటే వారి విశ్వాసానికి రాయిలా అడ్డు తగులుతుంది.

గోడ దగ్గర సాధన

చాంగ్ తండ్రి రసాయన శాస్త్రవేత్త. పెద్దయ్యాక తాను టెన్నిస్ నేర్చుకొని, కొడుకులిద్దరికీ తానే నేర్పాడు. మోనికా సెలెస్ తండ్రి బొమ్మలు గీసే కళాకారుడు. యుగోస్లావియాలోని నోవీ సాద్ పట్టణంలో వారికి కోర్టు దొరక్కపోతే, కార్లు ఆపే స్థలంలో రెండు కార్ల మధ్య తాడు కట్టి కూతురికి నేర్పాడు. పాప విసుగు చెందకుండా బంతుల మీద బొమ్మలు గీసేవాడు. ఆ పాప 1990లో, 16 ఏళ్ళకే ఫ్రెంచ్ ఓపెన్ గెలిచింది. మన సానియా మీర్జా హైదరాబాదులో తాను మొదట ఆడింది పేడతో అలికిన కోర్టుల మీదనేనని చెప్పింది. వాకిలి అలకడం తెలిసిన మనకు ఆ మాట వింటే దూరపు ఆట కాస్త దగ్గరవుతుంది. ఆమె ఆటలో ఎదుటివారు భయపడింది ఫోర్‌హ్యాండ్‌కే. 2007లో సింగిల్స్‌లో ప్రపంచ 27వ స్థానం వరకు వెళ్ళింది.

కాబట్టి కోర్టు లేదని ఆగవద్దు. గట్టి గోడ ఒకటి చూడండి. మందిరం గోడ అయితే పాస్టరుగారిని అడిగి, ఆరాధన లేని వేళ చూసుకోండి. కిటికీ అద్దాలున్న పక్క వద్దు. నేలనుండి 3 అడుగుల ఎత్తున సుద్దతో ఒక గీత, 6 అడుగుల ఎత్తున ఇంకొకటి గీయండి. బంతి ఆ రెండింటి మధ్య తగలాలి. 20 అడుగుల దూరంలో నిలబడి కొట్టాలి. తిరిగివచ్చే బంతి నేలమీద ఒక్కసారి ఎగిరాక మళ్ళీ కొట్టాలి. చిన్నవారైతే రెండుసార్లు ఎగరనివ్వండి. పాతబడి గాలి తగ్గిన బంతి అయితే ఇంకా మంచిది. ఇది పేదవాడి సర్దుబాటు కాదు. పదేళ్ళ లోపు పిల్లల పోటీలకు పెద్దలు ఆడే మామూలు బంతి పనికిరాదని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్యే 2012 నుండి నిబంధన పెట్టింది. వారికి నెమ్మదిగా వెళ్ళే ఎరుపు, నారింజ, ఆకుపచ్చ రంగుల బంతులు వాడతారు.

గోడకంటే ముందు ఇంకో మెట్టు ఉంది. తండ్రో అన్నో పక్కన నిలబడి భుజం ఎత్తునుండి బంతి వదలాలి, పిల్ల దాన్ని కొట్టాలి. పదేసి బంతులు, మధ్యలో కాస్త విరామం. ఏకబిగిన 200 కొట్టించేదానికంటే ఇలా 50 కొట్టించడం మేలు. అలసిన చేయి తప్పు దెబ్బను కూడా అంతే శ్రద్ధగా నేర్చుకుంటుంది. దానికి కూడా ముందు, బంతి లేకుండా అద్దం ముందు గాలిలో దెబ్బ వేయించాలి. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయంలో పౌలు గాలితో పోరాడేవారిని మెచ్చుకోలేదు, నిజమే. ఫోర్‌హ్యాండ్ నేర్చుకునేవారికి మాత్రం రోజుకు 20 సార్లు ఆ అనుమతి ఇవ్వాలి.

రాకెట్ కొలత ముఖ్యం. పెద్దల రాకెట్ 27 అంగుళాలు. దాన్ని ఏడేళ్ళ పిల్లవాడికిచ్చి, పెరుగుతాడులే అనుకోవడం బట్టల విషయంలో చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. పిల్లవాణ్ణి నిటారుగా నిలబెట్టి, రాకెట్ తల నేలమీద ఆనించి పక్కన పెట్టండి. కిందికి వేలాడే చేతికి పిడి చివర అందితే అది సరైన కొలత. మణికట్టులోనో మోచేతిలోనో నొప్పి అంటే ఆ రోజుకు ఆట ఆపండి. నాలుగు రోజులు వదలకపోతే డాక్టరుగారికి చూపండి. సానియా అంతటి ఆటగత్తెకే 2008లో మణికట్టుకు ఆపరేషన్ అయింది.

ఎడమచేతి పిల్లల సంగతి

ఇది కొంచెం గట్టిగా చెప్పవలసిన మాట. మన ఇళ్ళలో ఎడమచేత్తో ఇస్తే, పుచ్చుకుంటే అమర్యాద అంటాం. ఆ అలవాటు భోజనం దగ్గర ఉంచుకుంటే ఉంచుకోండి, రాకెట్ దగ్గరికి తేవద్దు. న్యాయాధిపతుల గ్రంథం 20వ అధ్యాయంలో బెన్యామీనీయుల్లో 700 మంది ఎడమచేతివాటం వారి గురించి ఉంది. గురి తప్పకుండా వడిసెల రాయి విసరగలవారని వారికి పేరు. ఎడమచేయి తక్కువదని లేఖనం ఎక్కడా అనలేదు. ఆస్ట్రేలియాకు చెందిన మార్గరెట్ కోర్ట్ పుట్టుకతో ఎడమచేతివాటం; చిన్నప్పుడు చెప్పి కుడిచేతికి మార్పించారు. ఆమె 24 గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ బిరుదులు గెలిచింది, తరువాత పెర్త్‌లో సంఘం స్థాపించి పాస్టరైంది. కాబట్టి మార్చినా ఫరవాలేదు గదా అని కొందరు వాదించవచ్చు. అటువంటివారు వేలమందిలో ఒకరు. మిగతావారు రెండు చేతులకూ కాకుండా పోతారు. ఏ చేత్తో రాయి విసురుతాడో ఆ చేత్తోనే ఆడనివ్వండి. బలం చాలని పసివాళ్ళు రెండు చేతులతో ఫోర్‌హ్యాండ్ కొట్టినా అడ్డు చెప్పవద్దు. సెలెస్ కడవరకు అలాగే ఆడింది, నాదల్ చిన్నప్పుడు అలాగే కొట్టాడు.

ఆశకు హద్దు

ఫోర్‌హ్యాండ్ కుదిరిన పిల్లను చూసి ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, "ఈమెను పెద్ద అకాడమీలో వేయండి, సానియా అంతటిదవుతుంది" అని. అప్పుడు జాగ్రత్త. జిల్లా స్థాయి దాటాక ఈ ఆట ఖర్చు చాలా వేగంగా పెరుగుతుంది: కోచ్ ఫీజు, తీగలు, ఊరూరా పోటీలకు రైలు చార్జీలు, బస. ఆటమీద బ్రతికేవారు బహు కొద్దిమంది. పొలం తాకట్టు పెట్టి ఆడించడం పిల్ల భుజాలమీద అప్పు పత్రం పెట్టడమే. ఆ బరువుతో భుజం తిరగదు. జీతం అడగని శిబిరాలు, స్కూలు పోటీలు, కాలేజీ స్పోర్ట్స్ కోటా ఉన్నంతవరకు ఆడించండి. చదువు వదలనివ్వకండి.

ఆదివారం సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. శిబిరాలు చాలావరకు ఆదివారం ఉదయమే పెడతారు. చేరే రోజునే కోచ్‌గారితో, "మా అబ్బాయి ఆరాధన అయ్యాక వస్తాడండి" అని మర్యాదగా చెబితే చాలామంది ఒప్పుకుంటారు. చేరాక నెలకు చెబితే గొడవ అవుతుంది.

ఆడపిల్ల పెద్దమనిషి అయిందని రాకెట్ తీసి అటక మీద పెట్టే ఇళ్ళు మన సంఘాల్లోనూ ఉన్నాయి. అన్న ఆడే గోడ దగ్గరే చెల్లెలూ ఆడవచ్చు. సల్వార్ కమీజులో ఫోర్‌హ్యాండ్ చక్కగా వస్తుంది. వెంట అమ్మో నాన్నో కూర్చుంటే భయమూ ఉండదు, బంతులు ఏరిపెట్టడానికి ఒక మనిషీ దొరుకుతారు.

మెరుగుదల కొలవడానికి గోడమీద గీతే చాలు. వరుసగా ఎన్ని బంతులు గీతల మధ్య తగిలాయో ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి వ్రాయించండి. మొదటి వారం ఐదారు దాటవు. 30 దాటిన రోజున రెండు అడుగులు వెనక్కి జరగమనండి. లెక్క మళ్ళీ పదికి పడిపోతుంది, కంగారు పడవద్దు. పడిపోయిన ప్రతిసారీ ముందు చూడవలసినవి రెండే: పిడి మీద అరచేయి ఎక్కడుంది, బంతి నేలను తాకేలోగా భుజం తిరిగిందా. 40 అడుగుల దూరం నుండి వరుసగా 20 కొట్టగలిగిన నాడు దగ్గరి పట్నంలో కోర్టు ఎక్కడుందో వాకబు చేయండి.